కొండకు వేలాడే తోట

(సేంద్రియ రైతుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

పొద్దున్నుంచి వరి గురించి, పసుపు గురించి, కాఫీ గురించి పెద్దవాళ్ళు మాట్లాడారు. నాకేమో భోజనాల తర్వాత టైమిచ్చారు, అదీ వైన్ గురించి. కునుకు పట్టినవాళ్ళని ఏమీ అనను, హాయిగా పడుకోండి. (నవ్వులు)

ఒక మాట ముందే చెప్పేస్తాను. సారా వద్దని ఆడవాళ్ళు రోడ్డెక్కిన దూబగుంట మన నెల్లూరు జిల్లాదే. అలాంటి చోట నిలబడి ద్రాక్ష సారాయం గురించి మాట్లాడాలంటే నాకూ బెరుగ్గానే ఉంది. తాగమని చెప్పడానికి రాలేదు. ఒక కొండ మీద ఒక కుటుంబం మందులు లేకుండా ద్రాక్ష ఎలా పండిస్తుందో, దానికి ఎంత ఒళ్ళు హూనం చేసుకుంటుందో చూసి వచ్చాను. అది చెబుతాను.

మా నాన్న హైదరాబాద్ శివార్లలో మూడెకరాలు అనాబెషాహి ద్రాక్ష వేశారు. చిన్నప్పుడు పందిరి కింద నడిస్తే గుత్తులు నెత్తికి తగిలేవి. తెగుళ్ళు, కూలీ ఖర్చులు, ఆ పైన ప్లాట్ల రేట్లు, అన్నీ కలిసి ఆ తోట పోయింది. నేను సాఫ్ట్‌వేర్‌లో పడి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళాను. అక్కడి నుంచి కారులో రెండు గంటలు పోతే మోజెల్ నది లోయ వస్తుంది. మొదటిసారి చుట్టాలకి చూపించడానికని వెళ్ళాను. రెండోసారి ఒక్కణ్ణే వెళ్ళాను. మూడో ఏడాది నుంచి ప్రతి అక్టోబరులో వారం సెలవు పెట్టి ఒక ఇంటివాళ్ళ తోటలో కోతకి పోతున్నాను. వాళ్ళ పేరు, ఊరు పేరు ఇక్కడ చెప్పను. చెప్పమని వాళ్ళు నాకు చెప్పలేదు.

మోజెల్ ఫ్రాన్స్‌లో పుట్టి, లక్సెంబర్గ్ అంచున పారి, జర్మనీలో కోబ్లెంజ్ దగ్గర రైన్ నదిలో కలుస్తుంది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా నది తిన్నగా పోదు, పాము మెలికలు తిరిగినట్టు తిరుగుతుంది. ఆ మెలికల్లో ఎండ తగిలే వైపు కొండలన్నీ ద్రాక్షే. రోమన్లు అక్కడ ద్రాక్ష పండించారు. నాలుగో శతాబ్దంలో ఆసోనియస్ అనే కవి ఈ నది మీద కావ్యం రాస్తూ నీళ్ళలో ద్రాక్షకొండల నీడ కనిపిస్తోందన్నాడు. నేను చూసిందీ అదే. పొద్దున పూట పడవ వచ్చి ఆ నీడని చెదరగొడుతుంది, కాసేపటికి మళ్ళీ కుదురుకుంటుంది.

అది దాదాపు 50వ అక్షాంశం. హైదరాబాద్ 17 దగ్గర ఉంది. అంత ఉత్తరాన ద్రాక్ష పండటమే వింత. ఎందుకు పండుతుందంటే కొండ ఏటవాలుగా దక్షిణానికి తిరిగి ఉంటుంది కాబట్టి. ఎండ అక్కడ నేల మీద ఏటవాలుగా పడుతుంది కదా, నేల కూడా ఏటవాలుగా ఉంటే సూర్యుడికి ఎదురుగా అద్దం పట్టినట్టు అవుతుంది. కింద నది వెలుగునీ వెచ్చదనాన్నీ ఇస్తుంది. పైన అడవి చలిగాలిని ఆపుతుంది. ఇక మట్టి. దాన్ని మట్టి అనకూడదు, పలకలు. మార్కాపురం పలక మీద అ ఆలు దిద్దినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. అదే జాతి రాయి. నలభై కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు బురద గట్టిపడి పలకరాయి అయింది. తోటంతా ఆ పెంకులే. నడిస్తే కాళ్ళ కింద గలగలమంటాయి, జారతాయి కూడా. సాయంత్రం ఆరింటికి చెయ్యి పెట్టి చూశాను, పొయ్యి ఆర్పిన పెనంలా వెచ్చగా ఉంది. పగలంతా తాగిన ఎండని రాత్రి గుత్తులకి వడ్డిస్తుంది ఆ రాయి.

ఏటవాలు అంటే ఎంత? వాళ్ళ లెక్కలో నూరడుగులు ముందుకు పోతే ముప్పై అడుగులు పైకి లేచిన నేలని ఏటవాలు తోట అంటారు. మోజెల్ తోటల్లో పెద్ద భాగం ఆ లెక్కకి వస్తుంది. బ్రెమ్ అనే ఊళ్ళో కాల్మోంట్ అని ఒక కొండ ఉంది. కొన్నిచోట్ల అది 65 డిగ్రీలు. ఇంటి మీదకి వేసే నిచ్చెన కూడా దాదాపు అంతే కదా! యూరప్‌లోకెల్లా నిటారైన ద్రాక్షకొండల్లో అదొకటి. కింద నుంచి చూస్తే తోట నేల మీద ఉన్నట్టుండదు, గోడకి మేకు కొట్టి తగిలించినట్టు ఉంటుంది.

నేను కోతకి పోయే తోట అంత నిటారు కాదు. అయినా మొదటి రోజు గంటకే నా మోకాళ్ళు వణికాయి. ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, నడుము కొండకి ఆనించి నిలబడాలి. చేతిలో చిన్న కత్తెర, కాళ్ళ మధ్య బకెట్. బకెట్ జారిందంటే ఆగదు, కింద రోడ్డు దాకా పోతుంది. నాది పోయింది. ఆ ఇంటి పెద్దాయన ఏమీ అనలేదు, కిందనున్న మనవడికి చెయ్యి ఊపాడంతే. అంటే రోజుకి ఎవరో ఒకరిది పోతూనే ఉంటుందన్న మాట. నిండిన పళ్ళు వీపు మీద తొట్టెలో పోసుకుని మోయాలి. కొన్నిచోట్ల ఒంటి పట్టా బండి ఉంది. కొండకి ఒకే ఒక్క ఇనప పట్టా, దానికి అడుగున రంపంలా పళ్ళు, ఆ పళ్ళు పట్టుకుని చిన్న ఇంజను బండి పాకుతూ ఎక్కుతుంది. మనిషి నడిచేంత నిదానం. అది రాక ముందు మొత్తం వీపు మీదే.

మన పందిరి అక్కడ లేదు. తీగకి ఒక్కో కొయ్య. మా నాన్న చూసి ఉంటే ఇదేం తోటరా, చిక్కుడు పాదుల్లా ఉంది అనేవారు. కారణం ఏమిటంటే, తీగలు కట్టి వరసలు చేస్తే మనిషి ఆ వరస వెంట పైకీ కిందకీ మాత్రమే తిరగగలడు. ఒంటి కొయ్య అయితే ఎటు నుంచి ఎటైనా అడ్డంగా నడవచ్చు. అంత ఏటవాలులో అడ్డంగా నడవడమే ప్రాణం. శీతాకాలం కత్తిరింపులో రెండు పొడుగు కొమ్మలు ఉంచి, మార్చి ప్రాంతంలో వాటిని చెరో వైపు కిందకి వంచి కొయ్యకి కడతారు. చూడటానికి హృదయం బొమ్మలా ఉంటుంది. ఆవిడ, అంటే పెద్దాయన భార్య, నాకు నేర్పించింది. పొడిగా ఉన్న రోజు వంచితే పుల్ల విరుగుతుంది. అందుకని చినుకు పడే రోజు, ముసురు పట్టిన రోజు చూసుకుని పోతారు. ఒక చేత్తో కొమ్మని కొద్దికొద్దిగా, పసిపిల్ల చెయ్యి తిప్పినట్టు తిప్పుతూ వంచాలి. లోపల చిన్నగా కిర్రుమంటుంది. ఆ కిర్రు దాకా పోవాలి, టప్‌మనకూడదు. నేను వరసగా మూడు విరిచాను. నాలుగోది కుదిరింది. ఆవిడ ఆ మూడు పుల్లల్నీ ఏరి జేబులో పెట్టుకుంది. సాయంత్రం చూస్తే వంటింట్లో పొయ్యి రాజేయడానికి పనికొచ్చాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

సేంద్రియం అంటే మన దగ్గర చాలామంది మందు కొట్టకుండా వదిలేయడం అనుకుంటారు. పని తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది అనుకుంటారు. ఆ కొండ మీద అది తలకిందులు. అక్కడ సేంద్రియ రైతు పక్కవాడి కంటే ఎక్కువసార్లు కొండెక్కుతాడు.

ద్రాక్షకి రెండు శత్రువులు. బూజు తెగులు, బూడిద తెగులు. రెండూ పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి యూరప్‌కి వచ్చినవే. బూడిదకి గంధకం ఉంది. బూజుకి మందు దొరికిన కథ మీకు నచ్చుతుంది. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర రోడ్డు పక్క వరసల్లో పోయేవాళ్ళు పళ్ళు కోసుకు తింటున్నారని, తోటవాళ్ళు మైలుతుత్తం, సున్నం కలిపి ఆకుల మీద చల్లేవారు. నీలంగా, అసహ్యంగా కనిపిస్తుంది, ఎవడూ ముట్టుకోడు. 1882లో మిల్లార్డే అనే ప్రొఫెసర్ అటు పోతూ చూశాడు. తోటంతా తెగులుతో ఆకు రాల్చేసింది, ఆ రోడ్డు పక్క వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దాని మీద పని చేసి 1885లో ప్రకటించాడు. అదే మన బోర్డో మిశ్రమం. మన కొబ్బరికీ, బత్తాయికీ, తమలపాకు తోటకీ కొట్టేది దొంగల్ని భయపెట్టడానికి పుట్టింది. (నవ్వులు)

ఈ మిశ్రమంలో పనిచేసేది మైలుతుత్తంలోని రాగి. సేంద్రియంలో దానికి అనుమతి ఉంది, కానీ హద్దు ఉంది. యూరప్ నియమం ప్రకారం ఏడేళ్ళలో హెక్టారుకి 28 కిలోల రాగి. జర్మనీలో ఇంకా బిగించి, మామూలుగా ఏడాదికి మూడు కిలోలే అంటారు. ఎందుకంటే రాగి నేలలో కరిగిపోదు, పేరుకుంటుంది, వానపాములకి చేటు. ఇప్పుడు మనం లెక్క వేద్దాం. మైలుతుత్తంలో నాలుగో వంతే రాగి. హెక్టారుకి మూడు కిలోల రాగి అంటే పన్నెండు కిలోల మైలుతుత్తం. ఎకరాకి చూస్తే ఏడాది మొత్తానికి ఐదు కిలోల లోపు. మన పద్ధతిలో వంద లీటర్లకి కిలో కలిపితే అది ఐదు వందల లీటర్లు కూడా రాదు. మా నాన్న అయితే పందిరి నిండుగా ఉన్నప్పుడు ఒక్క విడతలో కొట్టేసేవారు!

ఆ కాస్తని వాళ్ళు పది, పన్నెండు విడతలు చేస్తారు. పల్చగా, పల్చగా. రాగి ఆకు పైనే ఉంటుంది, లోపలికి పోదు. వాన వస్తే కడుక్కుపోతుంది. కొత్త ఆకు వస్తే దాని మీద ఏమీ ఉండదు. కాబట్టి ప్రతి వానకి ముందు ఎక్కాలి. రసాయనం కొట్టేవాడి మందు ఆకు లోపలికి ఇంకుతుంది, వాడు రెండు వారాలు నిశ్చింతగా ఉండొచ్చు. పైగా వాడు ఎక్కనే ఎక్కడు. జర్మనీలో గాలిలోంచి మందు కొట్టడం నిషేధం, కానీ ఏటవాలు ద్రాక్షతోటలకి మినహాయింపు ఉంది. హెలికాప్టర్ వచ్చి నాలుగు నిమిషాల్లో కొండంతా తడిపి పోతుంది. ఇప్పుడు డ్రోన్లూ వచ్చాయి, వాటితో సేంద్రియం వాళ్ళకీ కొంత మేలే. కానీ మా వాళ్ళు ఇంకా పైపుతోనే. పై రోడ్డు మీద ట్యాంకు, పంపు పెట్టి పొడుగు పైపు కిందకి వదులుతారు. ఒకరు కొడుతుంటే ఇంకొకరు పైపు లాగాలి. తడిసిన పైపు బరువు మోసినవాడికే తెలుస్తుంది.

హెలికాప్టర్ వచ్చే రోజు ఇంకో టెన్షన్. పక్క నేల చెక్క రసాయనం తోట అయితే ఆ మందు గాలికి ఇటు పడుతుంది. మధ్యలో గట్టు కూడా లేని చెక్కలు అవి. అందుకని సేంద్రియం వాళ్ళు వీలైతే చెక్కలు మార్చుకుని ఒకే చోటికి చేరతారు, లేదా అంచు వరస పంటని విడిగా తీసేస్తారు.

చెక్కలు ఎందుకంత చిన్నవి అంటే, అదీ మన కథే. ఫ్రెంచ్ విప్లవం తర్వాత ఆ ప్రాంతం కొన్నేళ్ళు ఫ్రాన్స్ చేతిలో ఉంది. చర్చి భూములు వేలం వేశారు. ఆస్తి పిల్లలందరికీ సమానంగా అనే చట్టం వచ్చింది. న్యాయమే. కానీ నాలుగు తరాలకి కొండ ముక్కలు ముక్కలైంది. పెద్దాయన కుటుంబానికి ఉన్నది మూడు హెక్టార్లు. అది పద్దెనిమిది చోట్ల ఉంది. అన్నదమ్ముల పంపకాల గురించి ఆయన చెబుతుంటే మా ఊరి రచ్చబండ మీద కూర్చున్నట్టే అనిపించింది.

2021 గురించి చెప్పాలి. ఆ ఎండాకాలం వానలు ఆగలేదు. జులైలో పక్కనున్న ఆర్ లోయలో వరద వచ్చి ఊళ్ళు కొట్టుకుపోయాయి, మీరు వార్తల్లో చూసే ఉంటారు. మోజెల్‌లో నీళ్ళు పెరిగినా అంత ఘోరం జరగలేదు. కానీ బూజు పట్టుకుంది. నేను ఒక శనివారం వెళ్ళేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. నాలుగు రోజులుగా వాన, కొండ ఎక్కితే జారిపోతున్నారు, ఎక్కకపోతే పంట పోతుంది. సాయంత్రం ఒక గంట తెరిపి ఇచ్చింది. కూతురు లేచి బూట్లు వేసుకుంది. ఆమె అంతకు ముందు ఏడాదే కొలోన్‌లో ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చింది. తండ్రి వెనకాలే వెళ్ళాడు. నేను పైపు లాగాను. సగం కొట్టేసరికి మళ్ళీ చినుకులు. ఆమె కొట్టడం ఆపేసి కాసేపు అలాగే నిలబడింది. కొట్టిందంతా కళ్ళ ముందే కారిపోతోంది. దిగేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఏడాది కొన్ని చెక్కల్లో సగం పంట కూడా దక్కలేదు.

అంత కష్టం దేనికి, రసాయనానికి పోవచ్చు కదా అని నేనూ అడిగాను. పెద్దాయన సిద్ధాంతాలు చెప్పలేదు. వాళ్ళ నాన్న మందు కొట్టి వచ్చి రాత్రంతా దగ్గేవాడట. తోట నుంచి వచ్చాక ఆ చొక్కాతో పిల్లల్ని ఎత్తుకోనిచ్చేవారు కాదట. అంతే చెప్పి ఊరుకున్నాడు.

ఇలాంటివాళ్ళలో పేరు మోసినవాళ్ళు కూడా ఉన్నారు. ప్యూండెరిష్ అనే ఊళ్ళో క్లెమెన్స్ బుష్, రీటా దంపతులు 1984లోనే సేంద్రియానికి మారారు. అప్పట్లో అది పిచ్చి పని. ఊరు ఒక ఒడ్డున, మారియన్‌బుర్గ్ కొండ అవతలి ఒడ్డున. ఆ కొండలోనే ఒకచోట పలక బూడిద రంగు, ఒకచోట నీలం, ఒకచోట ఎరుపు. ఏ రంగు చెక్క వైన్ ఆ రంగుకే వేరుగా సీసాల్లో నింపుతారు. ఇప్పుడు వాళ్ళ సీసాలు దేశాలు దాటి పోతున్నాయి. కానీ అందరికీ ఆ పేరు రాదు. మా వాళ్ళకి రాలేదు.

వైన్ తయారీ గురించి ఎక్కువ చెప్పను, మీరు చేయబోయేదీ లేదు. అక్కడ ముఖ్యంగా రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష. 1787లో ట్రియర్ పాలకుడు, ఆయన ఆర్చిబిషప్పు కూడా, నాసి రకాలు పీకి ఇలాంటి మంచి రకం నాటమని ఆజ్ఞ వేశాడు. పిండిన రసాన్ని వెయ్యి లీటర్ల ఓక్ పీపాల్లో పోస్తారు. పైనుంచి ఈస్టు వేయరు, తోటలోంచి, నేలమాళిగలోంచి వచ్చిందే పులియబెడుతుంది. మాళిగ చల్లగా ఉంటుంది కాబట్టి చాలా నిదానం, అక్టోబరులో మొదలైంది ఒక్కోసారి వసంతం దాకా సాగుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక ఆవిడ కిందకి వెళ్ళి ఒక్కో పీపాకి చెవి ఆనించి వినేది. నన్నూ వినమంది. మూత మీది గాజు గొట్టంలో నీళ్ళు గుళుక్, చాలాసేపటికి మళ్ళీ గుళుక్. పక్క పీపాలో గబగబా. మా అమ్మమ్మ ఆవకాయ జాడీకి చెవి పెట్టడం నేను చూడలేదు గానీ, మూడో రోజు మూత తీసి ఊట చూసే ముఖం మాత్రం అదే.

అమ్మకం దగ్గర ఒక మంచి ఆచారం ఉంది. ద్రాక్ష రైతు తన ఇంటి ముందు ఒక కొమ్మల కట్ట వేలాడదీస్తే, ఈ ఇంట్లో వైన్ పోస్తారు, రండి అని అర్థం. లైసెన్సు గొడవ లేకుండా ఏడాదికి నాలుగు నెలల వరకు, నలభై మంది కూర్చునేంత చోటులో, తన పంట తానే అమ్ముకోవచ్చు. తోడుగా రొట్టె, జున్ను లాంటివి పెట్టొచ్చు. మా వాళ్ళ పెరట్లో ఆరు బల్లలు. దళారి లేడు. ఆ నాలుగు నెలలే ఆ ఇంటిని నిలబెడుతున్నాయి. సూపర్ మార్కెట్‌లో జర్మన్ వైన్ ఐదు యూరోల లోపు దొరుకుతుంది, యంత్రాలు తిరిగే చదును నేలలోది. చదునులో హెక్టారుకి మూడు నాలుగు వందల గంటలు చాలు. కొండ మీద చేతి పని అయితే వెయ్యిన్నర దాకా పోతుంది. ఆ తేడా ధరలో రావాలంటే కొనేవాడికి కొండ కనిపించాలి. పెరట్లో కూర్చుంటే కనిపిస్తుంది. నాకు అర్థమైనంతలో సేంద్రియ ముద్ర కంటే ఆ పెరడే వాళ్ళకి ఎక్కువ సంపాదించి పెట్టింది. మన దగ్గర ముద్ర కోసం పెట్టే ఖర్చులో కొంత పెరటికి పెడితే ఎలా ఉంటుందో ఒకసారి చూడండి.

అందరూ నిలబడటం లేదు. 1990 ప్రాంతంలో మోజెల్ తోటలు పన్నెండు వేల హెక్టార్ల పైమాటే. ఇప్పుడు ఎనిమిదిన్నర వేల చుట్టూ ఉన్నాయి. ముందు పోయేవి కొండ మీదివే. వదిలేసిన చెక్కలో రెండేళ్ళకి ముళ్ళ పొదలు, ఐదేళ్ళకి అడవి. బూజు అక్కడ పెరిగి పక్క తోటకి వస్తుంది. కోతకి కూలీలు పోలండ్ నుంచి, రుమేనియా నుంచి రావాలి. కింది మోజెల్ లోయలో రాతిగోడల మీద పెరిగే ఒక దళసరి ఆకుల మొక్కని తిని బతికే అపోలో సీతాకోకచిలుక ఉంది. తోటలు పొదలైపోతే దానికీ ఎండ తగిలే రాయి ఉండదు. హెలికాప్టర్ మందుల వల్లే అవి తగ్గిపోయాయని కొందరు, కాదని కొందరు, అక్కడ పెద్ద వాదనే నడుస్తోంది.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఒక ప్రశ్న తీసుకుంటాను. అమ్మా, మీరు.

(శ్రోత: ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉందా, తిరిగి ఉద్యోగానికి వెళ్ళిపోయిందా?)

ఉందమ్మా. ఇప్పుడు లెక్కలన్నీ ఆమే చూస్తుంది. రెండేళ్ళ కిందట శీతాకాలంలో పై అంచున ఉన్న రాతిగోడ కూలింది. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు అవి, ఎవరో ముత్తాత కట్టింది. పెద్దాయన తిరిగి కడదామన్నాడు. ఆమె కాగితం మీద రాసి చూపించింది. గోడకయ్యే ఖర్చు ఆ వరసలో వచ్చే వైన్ ఎన్నేళ్ళు అమ్మినా రాదు. వంటింటి బల్ల దగ్గర పెద్ద గొడవే అయింది, నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. చివరికి ఆమె మాటే నెగ్గింది. పై మూడు వరసలు పీకేసి, గోడ అవసరం లేని చోట ఎర్ర పీచ్ మొక్కలు వేశారు. ఆ లోయలో ద్రాక్షతోట పీచ్ అని పేరున్న పండే, జామ్‌కి బాగుంటుంది.

కిందటి అక్టోబరులో వెళ్ళినప్పుడు చూశాను. పెద్దాయన ఆదివారం పొద్దున్నే కర్ర పట్టుకుని పైకి పోతాడు. కూలిన రాళ్ళు ఏరుతాడు. పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప, మూలకి పనికొచ్చేవి విడిగా దారి పక్కన. కూతురు కింద నుంచి చూస్తుంది, ఏమీ అనదు. పీచ్ మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళినప్పుడు ఆ కుప్పల్ని తప్పించుకుని నడుస్తుంది.